మోంత్రెనాక్ కాకులు

సింగపూర్‌లో కాకికి అన్నం పెట్టడం నేరం. పట్టుబడితే జరిమానా కట్టాలి. పోయిన పెద్దల పేరు చెప్పి పెడితే మినహాయింపు అని చట్టంలో ఎక్కడా రాయలేదు. అందుచేత చోవా చూ కాంగ్‌లో కాపురం ఉండే హరిదాస్, ఏటా మహాలయ అమావాస్యనాడు తాత యర్రయ్య కోసం తీసిన ముద్దను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుని తమ ఫ్లాట్ల బ్లాకు వెనకాలకు వెళ్లేవాడు. ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటిస్తూ దాన్ని గడ్డిలోకి జారవిడిచేవాడు. కాకులు వచ్చేవి కావు. గోరింకలు వచ్చేవి. ఇంటికి రాగానే తల్లి రామలక్ష్మి "కాకి ముట్టిందేటి?" అని అడిగేది. "ముట్టిందమ్మా" అని హరిదాస్ చెప్పేవాడు. ఆమె అప్పుడు గాని విస్తరి ముందు కూర్చునేది కాదు.

యర్రయ్య శ్రీకాకుళం వైపు నుంచి మలయాలోని పినాంగ్ వచ్చి ఓడలో వంటవాడిగా చేరిన మనిషి. భార్య సత్తెమ్మనూ, అప్పుడే నడక వచ్చిన రామలక్ష్మినీ వదిలి ఓడెక్కాడు. యుద్ధం రోజులు. ఓడ మునిగిందనీ, ఎవరూ మిగల్లేదనీ కంపెనీ గుమాస్తా ఇంటికొచ్చి చెప్పిపోయాడు. శవం లేదు, పోయిన తిథి తెలియదు. తిథి తెలియని వాళ్లందరికీ మహాలయ అమావాస్యే గతి కాబట్టి యర్రయ్యకూ అదే ఖాయం చేశారు. మగపిల్లలు లేరు గనుక మొదట బావమరిది పెట్టాడు, తర్వాత ఆ బాధ్యత మనవడు హరిదాస్ మీద పడింది. బడికి వెళ్లే వయసులో మొదలుపెట్టి, మలేషియాలోని బాగన్ దతో కొబ్బరితోటల నుంచి సింగపూర్ వచ్చి స్థిరపడ్డాక కూడా అతను ఒక్క ఏడాది తప్పలేదు.

హరిదాస్ లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. మధ్యలో ఆగిపోయిన లిఫ్టులో చిక్కుకున్నవాళ్లకు స్పీకరులో ధైర్యం చెప్పడంలో అతని తర్వాతే ఎవరైనా. కంగారు పడకండి, గాలి బాగానే ఆడుతుంది, గోడకు ఆనుకుని కూర్చోండి, మావాళ్లు వస్తున్నారు. ఈ ముక్కలు అతను నిద్రలో కూడా తడుముకోకుండా చెప్పగలడు. అదే మనిషి కన్నతల్లికి ఒక చేదు మాట చెప్పాలంటే మాత్రం నోరు పెగలదు. అతనికి షుగర్ వచ్చిన సంగతి రామలక్ష్మికి మందుల సంచీ చూశాకే తెలిసింది. అప్పటికి రెండేళ్లయింది.

అలాంటివాడి ఫోన్లోకి ఒక రోజు తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో, గులాబీల శుభోదయాల మధ్య, ఒక ప్రశ్న వచ్చి పడింది. పినాంగ్ నుంచి ఓడలో వంటవాడిగా వెళ్లిన యర్రయ్య, భార్య సత్తెమ్మ, కూతురు రామలక్ష్మి, ఈ కుటుంబం తాలూకు ఎవరైనా ఉన్నారా అని. అడిగింది శ్రీలేఖ అనే అమ్మాయి. కాకినాడ పిల్ల, ఇక్కడి యూనివర్సిటీలో యుద్ధకాలపు ఓడ కూలీల మీద పరిశోధన చేస్తోంది. హరిదాస్ ఆ సాయంత్రమే ఆమెను పాయా లేబర్‌లో ఒక కాఫీ కొట్టులో కలిశాడు. ఇంట్లో మాత్రం ఓవర్‌టైమ్ అని చెప్పాడు.

"అంకుల్, మీ తాతగారు సముద్రంలో పోలేదండి" అంది శ్రీలేఖ.

"మరి?"

"ఫ్రాన్స్‌లో పోయారు. మంచం మీద, ముసలితనంతో. పంతొమ్మిదివందల ఎనభై ఎనిమిదిలో."

హరిదాస్ కాఫీ కప్పు కింద పెట్టాడు. ఎనభై ఎనిమిది నాటికి తనకు పెళ్లి కూడా అయింది. అంటే బడి రోజుల నుంచి పెళ్లిదాకా తను ముద్దలు పెడుతూ వచ్చింది ఎక్కడో సుబ్బరంగా భోంచేస్తున్న మనిషికన్నమాట. అతనికి దుఃఖం రాలేదు, భయం వేసింది. అమ్మకు ఎవరు చెబుతారు?

శ్రీలేఖ మిగతా కథ చెప్పింది. ఓడను జర్మన్లు పట్టుకున్నారు. పనివాళ్లను ఫ్రాన్స్ రేవులో దించి, రైలెక్కించి జర్మనీ పంపించారు. యర్రయ్య దారిలో రైల్లోంచి దూకేశాడు. దూకిన చోటికి దగ్గర్లో ఉన్న ఊరు మోంత్రెనాక్. అడవి అంచున రెండొందల గడప కూడా లేని పల్లె. ఊరంతా తెల్లవాళ్లు. చుట్టూ జర్మన్ సైన్యం. అందులో ఒక శ్రీకాకుళం మనిషిని దాచిపెట్టాలి.

ఆ ఊరి మేయరు తెలివైనవాడే. యుద్ధంలో పెట్రోలు దొరక్క లారీలు బొగ్గుతో నడుస్తున్నాయి, ఊరి చుట్టూ అడవిలో బొగ్గుబట్టీలు పెట్టారు. బొగ్గు కాల్చేవాడి మొహం ఎలాగూ నల్లగానే ఉంటుంది కదా అని యర్రయ్యను బట్టీ పనిలో పెట్టాడు. ఎవరో జర్మన్లకు చెప్పేశారు. సైనికులు వచ్చి మీ ఊళ్లో దాక్కున్న నల్లవాణ్ణి చూపించమన్నారు. ఊరు వాళ్లకు మొహాలకు మసి పూసుకున్న పదిహేనుమందిని చూపించింది. వరసలో నిలబడ్డవాళ్లలో బడిపంతులూ, చర్చి ఫాదరూ కూడా ఉన్నారు.

"మొహాలు కడుక్కోమంటే సరిపోయేది కదమ్మా" అన్నాడు హరిదాస్. అతనిది మెకానిక్ బుర్ర.

"అన్నారటండి. బావి తాడు తెగిపోయిందని చెప్పారట."

"నిజంగా తెగిందా?"

"మేయరుగారే కోశారట."

సైనికులు పక్క ఊరి నుంచి నీళ్లు తెప్పించేంత ఓపిక లేక ఇద్దర్ని కొట్టి వెళ్లిపోయారు. చెప్పిందెవరో ఊరందరికీ తెలుసు. ఇప్పటికీ తెలుసు. ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

యుద్ధం అయ్యాక యర్రయ్య పినాంగ్‌కు కబురు పంపాడు. జపాన్ వాళ్ల బాంబులకు ఆ వీధి మొత్తం కాలిపోయిందనీ, అక్కడెవరూ లేరనీ జవాబు వచ్చింది. వీధి కాలిపోయిన మాట నిజమే. అంతకు ముందే సత్తెమ్మను అన్నగారు బాగన్ దతో తోటలకు తీసుకుపోయాడన్న సంగతి చెప్పడానికి అక్కడ మనిషి మిగల్లేదు. యర్రయ్య భార్యా కూతురూ పోయారనుకున్నాడు. పంచాంగం లేదు గాని ఆకాశం ఉంది, చంద్రుడు లేని రోజు ఏదో కళ్లకే తెలుస్తుంది. వానలు వెనకపట్టాక వచ్చే అమావాస్యనాడు క్యాబేజీ ఆకులో అన్నం పెట్టి, ఇద్దరి పేర్లూ పిలిచి, కాకులకు వేసేవాడు. చూడ్డానికి పిల్లలు చేరేవారు. ఆయన పోయాక పిల్లలే వేశారు. ఇప్పుడది ఊరి పండగ.

శ్రీలేఖ ఫోన్లో వీడియో పెట్టింది. భుజానికి మూడు రంగుల పట్టీ కట్టుకున్న మేయరు, వెనకాల చలికోట్లలో పిల్లలు, పొలంలో వరసగా క్యాబేజీ ఆకులు. పిల్లలు గొంతులు చించుకుని అరిచారు. "సత్తెమ్మా! రామలక్ష్మీ!" ర అక్షరం గొంతులోంచి వచ్చిందే గాని పేరు మాత్రం స్పష్టంగా తన తల్లిదే. అడవిలోంచి కాకులు గుంపులు గుంపులుగా దిగాయి. అన్ని కాకుల్ని ఒక్కచోట చూసి హరిదాస్‌కు అసూయ కలిగింది.

"ఏడాది పొడుగునా మొక్కజొన్న తినేస్తున్నాయని కాకుల్ని తుపాకీతో కాలుస్తారంట అంకుల్. ఆ ఒక్క రోజు కాల్చరు" అంది శ్రీలేఖ. ఆ ఊరి డిప్యూటీ మేయరు సిమోన్ అనే ఆవిడ వచ్చే వారం సింగపూర్ వస్తోందనీ, కొడుకు చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాడనీ చెప్పింది. ఊళ్లో కొత్త హాలుకు యర్రయ్య పేరు పెట్టాలనుకుంటున్నారు. రామలక్ష్మి బతికే ఉందని ఆ మధ్యాహ్నం ఫోన్లో చెబితే, చూడ్డానికి ఇంటికి వస్తానందట.

ఆ రాత్రి హరిదాస్ భార్య శాంతినికి మొత్తం చెప్పాడు.

"అత్తకి చెప్పేసెయ్ లా" అంది శాంతిని, సింగపూర్ యాసలో.

"ఎనభయ్యేడేళ్ల మనిషి. బీపీ ఉంది. ఏమన్నా అయితే?"

"చెప్పకుండా ఎన్నాళ్లు?"

"అమావాస్య వెళ్లనీ. తర్వాత చూద్దాం."

ఏ అమావాస్య తర్వాత అన్నది శాంతిని అడగలేదు. మొగుడి సంగతి ఆమెకు తెలియనిదేమీ కాదు.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది. సిమోన్ ఇంటికి వస్తుంది, శ్రీలేఖకు తెలిసినావిడగా. కాఫీ తాగుతుంది, రామలక్ష్మిని కళ్లారా చూస్తుంది, వెళ్లిపోతుంది. యర్రయ్య ఊసు ఎత్తదు. డెబ్బై ఏళ్ల మనిషి, ఊరి పెద్ద, మాట ఇచ్చింది. అలాగే ఆదివారం మధ్యాహ్నం శ్రీలేఖతో పాటు వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విప్పింది. సోఫాలో కూర్చుంది. కాఫీ గ్లాసు అందుకుంది. అంతవరకూ ఒప్పందం బాగానే నడిచింది.

"మా అమ్మ, రామలక్ష్మి" అన్నాడు హరిదాస్.

సిమోన్ ఆ పేరును ఊహ తెలిసినప్పటి నుంచీ ఏటా పొలంలో నిలబడి కాకుల వైపు చూస్తూ పిలిచిన మనిషి. ఆ పేరుకు ఒక ముసలావిడ తల ఊపి నవ్వేసరికి తట్టుకోలేకపోయింది. గ్లాసు బల్లమీద పెట్టేసి వెక్కివెక్కి ఏడ్చింది.

రామలక్ష్మి కంగారుగా కొడుకు వైపు చూసింది. "ఏటిరా? కాఫీలో పంచదార ఎయ్యనేదేటి?"

శ్రీలేఖ నేల చూపులు చూస్తోంది. శాంతిని వంటింటి గుమ్మంలోంచి కళ్లతోనే 'చెప్పు' అంటోంది. అతనికి నోటికొచ్చింది ఒక్కటే.

"అమ్మా, కంగారు పడకు. గాలి బాగానే ఆడుతుంది. గోడకు ఆనుకుని కూర్చో."

"నాకేటయిందిరా ఆనుకోడానికి? సెప్పు."

చెప్పాడు. ఓడ దగ్గర మొదలుపెట్టి రైలు, బొగ్గుబట్టీ, బావి తాడు, అన్నీ చెప్పాడు. మధ్యమధ్య ఆగి ఆమె ఊపిరి చూశాడు. ఆమె ఊపిరి మామూలుగానే ఉంది, తనదే సరిగా లేదు.

అంతా విని రామలక్ష్మి కిటికీ వైపు తిరిగింది. "అమ్మ సెప్పినాది" అంది. "మడిసి కనబడ్నేదంటే సచ్చిపోనాడని ఎలాగంటారు, నానొప్పుకోను అన్నాది. మా మావ ఇన్నేదు. కంపినీవోళ్లు అబద్దం సెప్తారా అన్నాడు. నలుగురూ పట్టుకొని అమ్మ గాజులు పగలగొట్టినారు. పచ్చ గాజులు. ఆ ముక్కలు ఏరుకొని నాను ఆడుకున్నాను. అమ్మ నన్నేటీ అన్నేదు."

సిమోన్ సంచిలోంచి ఒక ఫోటో తీసి ఇచ్చింది. టోపీ పెట్టుకున్న ముసలాయన, బెంచీ మీద కూర్చుని, కెమెరా వైపు కాకుండా పక్కకు చూస్తున్నాడు. రామలక్ష్మి దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది. తండ్రి మొహం ఆమెకు ఎప్పుడూ గుర్తు లేదు. పోల్చుకోవడానికి లోపల ఏమీ లేదు.

"మళ్లీ పెళ్లాడినాడేటి?"

శ్రీలేఖ ఫ్రెంచిలో అడిగింది. సిమోన్ కాస్త ఆలోచించి చెప్పిన జవాబును శ్రీలేఖ తెలుగులోకి మార్చింది. "వాళ్ల అత్తగారింట్లో అద్దెకుండేవారు అంటున్నారు అమ్మమ్మగారూ. ఆవిడ భర్త యుద్ధంలో పోయారట."

"ఎన్నాళ్లున్నాడు?"

"చివరిదాకా."

"అద్దె ఇచ్చీవోడా?"

సిమోన్ మళ్లీ ఆలోచించింది. లేదని తల అడ్డంగా ఊపింది.

"సరే" అంది రామలక్ష్మి. ఫోటో బల్లమీద బోర్లా పెట్టింది. "మా గురించి ఎన్నిసార్లు అడిగినాడు?"

"ఒకసారి అడిగించారట. ఎవరూ లేరని జవాబొచ్చాక..."

"ఒక్కసారి." మొదటిసారి ఆమెకు కోపం వచ్చింది. "ఒక్కసారి అడిగి ఊరుకున్నాడు. మా అమ్మ తోటలోకి ఎవులొచ్చినా అడిగీది. కొబ్బరికాయలు కొన్నోడినీ అడిగీది, పోస్టు తెచ్చినోడినీ అడిగీది. సచ్చిపోయిన మొగుణ్ణి అడుగుతాదని అందరూ నవ్వీవోరు. నానూ నవ్వినాను."

శ్రీలేఖకు ఇంకేం చేయాలో తోచక వీడియో పెట్టింది. ఫోన్లోంచి పిల్లల కేకలు వచ్చాయి. తన పేరు వినగానే రామలక్ష్మి ఉలిక్కిపడి "ఆఁ" అని పలికింది. తర్వాత అర్థమై, కాకులు దిగడం చూస్తూ ఉండిపోయింది.

"నన్నేటి పిలుస్తన్నారు? నానింకా బతికే ఉన్నాను గదా" అంది. ఫోన్ మీదికి వంగి, "బాగా తింటన్నాయి" అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "నువ్వెట్టింది గోరింకలు తింటాయి. కిటికీలోంచి కనబడతాది నాకు."

హరిదాస్ కిటికీలోంచి కిందికి చూశాడు. గడ్డి స్పష్టంగానే కనబడుతోంది.

"నీ తప్పేటుంది? అయ్య అక్కడుంటే ఇక్కడికి కాకులెందుకొస్తాయి?"

ఆమె ఫోటోను మళ్లీ తిప్పి చూసింది. "ఎప్పుడు పోనాడన్నావు?"

"ఎనభై ఎనిమిది, మార్చి" అన్నాడు హరిదాస్.

"మరి అమ్మ ఎప్పుడు పోనాది?"

"డెబ్బై అయిదు కదమ్మా. నేను హైస్కూల్లో ఉన్నాను."

"అయితే అమ్మ ముందు పోనాది."

"అవును."

"అయ్య బతికుండగానే పోనాది."

హరిదాస్ మరోసారి అవునన్నాడు. ఆమె దేని మీదకు వస్తోందో అతనికి బోధపడలేదు. వంటింటి గుమ్మంలో శాంతినికి బోధపడింది. ఆమె గోడ వైపు చూసింది.

గోడమీద సత్తెమ్మ ఫోటో ఉంది. ఉన్నది ఆ ఒక్క ఫోటోనే. తెల్లచీర, బోసి మెడ, బోసి నుదురు. పోయినరోజున కూడా ఆమెను అలాగే పంపించారు. పసుపు రాయలేదు, పూలు పెట్టలేదు, గాజులు తొడగలేదు. భర్త ఉండగా పోయిన ఇల్లాలికి జరగాల్సిన మర్యాదల్లో ఒక్కటీ జరగలేదు. తోటలో పెళ్లిళ్లకు ఆమె ఎదురు రాకుండా వెనక గుమ్మంలోంచి తిరిగేది. అంత జాగ్రత్త ఆమెకు అక్కర్లేదని చెప్పగలిగిన మనిషి అప్పుడు అడవి అంచున కాకులకు అన్నం వేస్తున్నాడు.

"మా అమ్మ ముత్తయిదువురా" అంది రామలక్ష్మి. "ముత్తయిదువుగానే పోనాది." ఇంతసేపూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

కళ్లు తుడుచుకున్నాక ఆమె అడిగిన మొదటి మాట "నవమి ఎప్పుడురా?" అని. భర్త కంటే ముందు పోయిన ఆడవాళ్లకు మహాలయంలో నవమినాడు పెడతారు. పోయినవాళ్ల పేరు చెప్పి ఒక ముత్తయిదువకు భోజనం పెట్టి చీరా గాజులూ ఇస్తారు. హరిదాస్ ఫ్రిజ్ పక్కన తగిలించిన క్యాలెండర్ చూశాడు.

"ఎల్లుండి."

"ఈ దొరసానికి మొగుడున్నాడా, అడుగు."

శ్రీలేఖ కాస్త సంకోచించి అడిగింది. సిమోన్ కళ్లు తుడుచుకుంటూ చెప్పినదాన్ని శ్రీలేఖ అప్పజెప్పింది. "ఉన్నాడట. హోటల్లో నిద్రపోతున్నాడట. ఎక్కడికి తీసుకెళ్లినా నిద్రేనట."

"అయితే ఎల్లుండి మకాన్‌కి రమ్మను. ఇక్కడే బోయనం సెయ్యమను."

"అమ్మా, వాళ్లు క్రిస్టియన్లు" అన్నాడు హరిదాస్.

"ఆల ఊరోళ్లు నా పేరు సెప్పి కాకులకి ఎట్టలేదేటి? నాను మా అమ్మ పేరు సెప్పి ఈవిడికి ఎట్టకూడదా?" అంది రామలక్ష్మి. ఆ తర్వాత శ్రీలేఖ వైపు తిరిగింది. "హాలుకి పేరెట్టుకోమను. నాకడ్డు నేదు. నా పేరు మాత్రం పిలవొద్దను. నా బదులు అయ్య పేరు పిలవమను. అమ్మ పేరే ముందు పిలవాల, ఆయన పేరు ఎనక."

సిమోన్ ఊరి తరఫున ఒప్పుకుంది. కౌన్సిల్‌లో తీర్మానం పెట్టాలి గాని ఇబ్బంది ఉండదంది.

నవమినాడు సిమోన్ చెప్పిన వేళకు వచ్చింది. శాంతిని ఆమె కాళ్లకు పసుపు రాసింది, నుదుట బొట్టు పెట్టింది. గాజులు తొడగడం పెద్ద పనైపోయింది. లిటిల్ ఇండియాలో ఉన్న పచ్చ గాజుల్లో అన్నిటికంటే పెద్ద సైజు తెచ్చినా సబ్బు రాస్తే గాని ఎక్కలేదు. సిమోన్ పళ్లు బిగబట్టి కూర్చుంది గాని చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అరిటాకు మీద గారెలు చూసి, ఇలాంటివే యర్రయ్య తెల్ల చిక్కుళ్లు రుబ్బి చేసేవాడని చెప్పింది. ఆ మాటకు రామలక్ష్మి ఇంకో రెండు వడ్డించమంది. అంతకు మించి తండ్రి గురించి ఏమీ అడగలేదు. అతని ఫోటో ఎక్కడ పెట్టిందో హరిదాస్‌కు కూడా తెలియదు.

హరిదాస్ గోడమీది సత్తెమ్మ ఫోటో దించి, అద్దం తుడిచి, తల్లి ముందు పీటమీద పెట్టాడు. శాంతిని కుంకుమ భరిణె తెచ్చి వంగింది. రామలక్ష్మి భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆమె అప్పటి నుంచీ ఎవరికీ బొట్టు పెట్టలేదు, భరిణె ముట్టలేదు.

"ఉండవే. నానెడతాను" అంది.

కోడలు పక్కకు జరిగింది. రామలక్ష్మి బొటనవేలు కుంకుమలో అద్దింది. ఫోటో దగ్గరకు తెచ్చింది. అద్దానికి తగలబోతూ ఆ వేలు ఆగిపోయింది. అందరూ ఎదురు చూశారు. వేలు కదల్లేదు.

"అమ్మా?" అన్నాడు హరిదాస్.

"అమ్మ బొట్టు ఎంతుండీదో నాకు తెల్దురా" అంది రామలక్ష్మి. "నాను సూడనేదు."

లిఫ్టులో చిక్కుకున్నవాళ్లకు హరిదాస్ చెప్పే నాలుగు ముక్కల్లో ఒక్కటీ ఇక్కడ పనికొచ్చేది కాదు. సత్తెమ్మ బొట్టు చూసినవాళ్లలో భూమ్మీద మిగిలినవాళ్లు ఎవరూ లేరు.

రామలక్ష్మి పెద్దదే పెట్టింది.